‘ఎకరం రెండు’ అంటే ఎంత?

మొన్న గుంటూరు నుంచి బెజవాడ వస్తున్న బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు పెద్దమనుషులు పొలాల గురించి మాట్లాడుకుంటున్నారు.

"రోడ్డు పక్కన?"

"రెండు."

"లోపలికి?"

"ఒకటిన్నర. మొన్నమొన్నటిదాకా అరవయ్యే!"

"ఇప్పుడెవరిస్తారు."

ఈ నాలుగు ముక్కల్లో ఎకరం అన్న మాట లేదు, కోటి లేదు, లక్ష లేదు, రూపాయి లేదు. అసలు ధర అన్న మాటే లేదు. రెండంటే రెండు కోట్లు, అరవై అంటే అరవై లక్షలు. లెక్క కోట్లలోంచి లక్షల్లోకి ఎప్పుడు దిగిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ తడబడలేదు. వెనక సీట్లో చెవులప్పగించి కూర్చున్న నాకూ అనుమానం రాలేదు. మంగళగిరి దాటాక అందులో ఒకాయనకి ఇంటి నుంచి ఫోనొచ్చింది. "టమాటాలా? రెండు చాలా?" అన్నాడాయన. ఈసారి రెండంటే రెండు కిలోలు.

అదే మనిషి, అదే అంకె, మధ్యలో పావుగంట తేడా. ఒకసారి దాని వెనక ఏడు సున్నాలున్నాయి, ఇంకోసారి ఒక్కటీ లేదు. ఆ సున్నాలు ఈయన నోట్లోంచి రాలేదు. మరి వినేవాడి బుర్రలోకి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

చిన్నప్పుడు బళ్ళో "మీ ఊరు ఏది?" అన్న ప్రశ్నకి "తెనాలి" అని రాస్తే అర మార్కు, "మా ఊరు తెనాలి" అని రాస్తే పూర్తి మార్కు. పూర్తి వాక్యంలో రాయుము అని ప్రశ్నపత్రం పైనే ఉండేది. అప్పటినుంచీ మనలో చాలామందికి నిండుగా చెప్పడం పద్ధతి, మాటలు మింగడం బద్ధకం అన్న అభిప్రాయం నాటుకుపోయింది. ఫోన్లొచ్చాక పిల్లలు భాషని కురచ చేసేశారన్న ఫిర్యాదు దానికి తోడు. ఆ ఫిర్యాదు చేసే పెద్దాయన ఇంట్లో "ఏమేవ్, కాఫీ!" అంటాడే గానీ, "నాకు కాఫీ కలిపి తీసుకొని రమ్ము" అనడు. ఇంతకీ ఆ పూర్తి మార్కుల వాక్యంలోనూ క్రియ లేదు, చూశారా? "మా ఊరు తెనాలి"లో ‘ఉంది’ లేదు, ‘అవుతుంది’ లేదు. హిందీ అయితే చివర ‘హై’ తగిలించాలి, ఇంగ్లీషు అయితే మధ్యలో ‘ఈజ్’ పెట్టాలి. మనకి రెండు నామవాచకాలు పక్కపక్కన పెడితే వాక్యం అయిపోతుంది. వ్యాకరణంలో దీన్ని క్రియారహిత వాక్యం అంటారు. మార్కులు కోసిన మాస్టారికి ఆ సంగతి గుర్తు రాలేదు, అంతే.

ఏ మాట తీసేయొచ్చు, ఏది ఉంచాలి అన్నదానికి పనికొచ్చే లెక్క కట్టినాయన భాషా పండితుడు కాదు, టెలిఫోను కంపెనీ పరిశోధనశాలలో పనిచేసినాయన. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ 1948లో రాసిన పత్రంలో సమాచారాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. ముందే ఊహించగలిగే సంకేతం మోసుకొచ్చే సమాచారం తక్కువ, ఊహించనిది మోసుకొచ్చేది ఎక్కువ. 1951లో ఆయన ఒక ఆట ఆడించాడు. ఎదుటివాళ్ళు చూడని ఇంగ్లీషు వాక్యాలు తీసుకుని, ఒక్కో అక్షరమే ఊహించమన్నాడు. తప్పు చెబితే సరైన అక్షరం చెప్పి ముందుకి సాగడం. ఆ ప్రయోగంలో ఒక చోట 129 అక్షరాలకి (మాటల మధ్య ఖాళీలతో కలిపి) 89 మొదటి ఊహకే సరిపోయాయి. తప్పులు ఎక్కువగా పడింది మాట మొదట్లో, అంటే ఆలోచన ఎటైనా మళ్ళగలిగిన చోట.

ఈ ఆట మనింట్లోనూ ఆడుకోవచ్చు. "ప్రకాశం బ్యా…" అని ఆగండి. బెజవాడలో పెరిగినవాళ్ళెవరైనా ‘రేజీ’ అని పూర్తిచేస్తారు. అంత ఖాయమైన మాటని ఊళ్ళోవాళ్ళు పూర్తిగా పలకరు కూడా. "బ్యారేజీ మీద జామ్" అంటారు. ఊరికి ఉన్న బ్యారేజీ ఒకటే కనుక ‘ప్రకాశం’ అనవసరం. ఇదే మాట రాజమండ్రిలో అంటే ధవళేశ్వరం. బెజవాడలో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ అన్న పేరు బోర్డు మీద ఉంటుంది. ఆటో అబ్బాయికి మాత్రం "బస్టాండు". ఆ మాటలోనూ "నన్ను తీసుకెళ్ళు" లేదు, "ఎంత తీసుకుంటావు" లేదు. ఆటో ఆపి ఊళ్ళో ఒక చోటు పేరు చెబితే ఇంకేం అడుగుతున్నట్టు?

అసలు విషయం తెలుగు వాక్యం కట్టుబడిలో ఉంది. అక్కడ కాసేపు ఆగుదాం.

మనది క్రియ చివర్లో వచ్చే భాష. వాక్యం అక్కడిదాకా వచ్చేసరికి, ముందు నడిచిన మాటలు రాబోయే క్రియ ఆనవాళ్ళు చెప్పేసి ఉంటాయి. "గుంటూరుకి…" అని ఆగితే వెళ్ళడం. "గుంటూరు నుంచి…" అంటే రావడం. "గుంటూరులో…" అంటే ఉండడం. విభక్తి ప్రత్యయం చూడటానికి ఇంతే ఉంటుంది గానీ క్రియని చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. అందుకే "ఎక్కడికి?" "గుంటూరుకి" అన్న రెండు ముక్కల్లో ఇద్దరి క్రియలూ ఎగిరిపోయినా నష్టం లేదు.

దీన్నే తిరగేయండి. "గుంటూరు వెళ్తున్నా" అంటాం. ఇక్కడ క్రియ ఉంది, ‘కి’ పోయింది. వెళ్ళడం అన్నాక, గుంటూరు అన్నది ఊరని తెలిశాక, ‘కి’ కొత్తగా చెప్పేదేముంది? ప్రత్యయం, క్రియ రెండిట్లో ఒకటి నిలబడితే రెండోదాని పనీ అదే చేసుకుంటుంది. ఇప్పుడు "డాక్టరు వెళ్తున్నా" అనండి. నాలిక ఒప్పుకోదు. "డాక్టరు దగ్గరికి వెళ్తున్నా" అనాల్సిందే. డాక్టరు తన కాళ్ళ మీద తను వెళ్ళగలిగిన మనిషి. ఆ మాట చెవిన పడగానే వెళ్ళేది ఆయనేమో అన్న ఆలోచన మెదులుతుంది. గుంటూరు ఎక్కడికీ వెళ్ళదు కాబట్టి దానితో ఆ బెడద లేదు.

ద్వితీయా విభక్తిదీ ఇదే కథ. "పుస్తకం తెచ్చాను", "బస్సు చూశాను", "సంచి మర్చిపోయాను". ఎక్కడా ‘ని’ లేదు, ‘ను’ లేదు. మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం "రాముణ్ణి చూశాను", "అమ్మని తీసుకొచ్చాను". మనిషి చూసేవాడైనా కావచ్చు, కనబడేవాడైనా కావచ్చు. పుస్తకానికి రెండో వేషమే తప్ప మొదటిది లేదు. పాము లాంటివి మధ్యలో ఊగుతుంటాయి: "పాము చూశాం", "పామును చూశాం" రెండూ వింటాం. ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. "చూశాను" అన్న క్రియలోనే చూసింది నేనని ఉందిగా, మరి "రాముడు చూశాను" అన్నా గందరగోళం ఉండకూడదుగా? ఉండదు, నిజమే. అయినా మనం అలా అనం. అవసరం కొద్దీ మొదలైన అలవాటు తరవాత నియమంగా బిగుసుకుపోయి ఉంటుందని నా అంచనా. భాషలో ప్రతిదీ ఎప్పటికప్పుడు కట్టే లెక్క కాదు, పాత లెక్కలు గట్టిపడి వ్యాకరణమైనవీ ఉంటాయి.

ఇది మన ఒక్కరి చాదస్తమేమో అనుకోవద్దు. జపాను భాషలోనూ క్రియ చివర్లోనే వస్తుంది, అక్కడ కర్మకి తగిలించే ‘ఓ’ అనే ప్రత్యయం మామూలు మాటల్లో ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. భాషా పరిశోధకులు చిగుసా కురుమాద, ఫ్లోరియన్ జేగర్ 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, కర్మ స్థానంలో వస్తువుంటే జపనీయులు ఆ ప్రత్యయాన్ని ఎక్కువగా వదిలేస్తారు, మనిషుంటే ఎక్కువగా ఉంచుతారు. మనకి నియమమైపోయింది వాళ్ళకింకా వాడేవాడి ఇష్టంగా ఉంది. ఇష్టం అటు మొగ్గిందా ఇటు మొగ్గిందా అని చూస్తే కారణం ఒకటే.

నువ్వు, నేను అన్న మాటలు పోవడానికి కారణం అందరికీ తెలిసిందే. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని క్రియ తోకలోనే మనిషి ఉన్నాడు. కానీ ఆ ఒక్కదానికే మొత్తం గొప్ప ఇచ్చేయకూడదు. చైనా భాషలో క్రియకి అలాంటి తోకే లేదు, జపాను భాషలోనూ మనిషిని బట్టి క్రియ మారదు, అక్కడా ‘నేను’, ‘నువ్వు’ ఇష్టం వచ్చినట్టు పోతుంటాయి. సందర్భమే సగం పని చేస్తుంది. నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది ఇంకోటి ఉంది. పోవాల్సిన మాట పోకుండా నిలబడితే ఏమవుతుంది? "తిన్నావా?" మామూలు పలకరింపు. "నువ్వు తిన్నావా?" అంటే మిగతావాళ్ళ సంగతి తెలుసు, నీ సంగతే తెలియదని. "చెప్పాను" ఒక సమాచారం. "నేను చెప్పాను" అంటే చిన్న తగాదాకి తలుపు తీసినట్టే. అవసరానికి మించి ఒక మాట ఎక్కువ పలికితే, ఎందుకు పలికాడా అని వినేవాడు కారణం వెతుకుతాడు. సరిపడా చెప్పు, అంతకు మించొద్దు అన్నది సంభాషణని నడిపించే ఒప్పందంలో ఒక భాగమని తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చయిన వ్యాసంలో చెప్పాడు. మన అత్తాకోడళ్ళకి అది వ్యాసం లేకుండానే తెలుసు.

ఇంకో మాట, "అయిందా?" తెలుగులో ఇంత ఖాళీ మాట ఇంకోటి లేదేమో. పొద్దున తొమ్మిదింటికి గుంటూరు బ్రాడీపేటలో ఎదురింటావిడ అడిగితే టిఫిను. మధ్యాహ్నం ఒంటిగంటకి అడిగితే భోజనం. పరీక్ష హాలు బయట తండ్రి అడిగితే పేపరు. ఆస్పత్రి వరండాలో అడిగితే ఆపరేషను. పెళ్ళింట్లో ఆలస్యంగా వచ్చినాయన అడిగితే జీలకర్ర బెల్లం. గడియారం, గోడలు, ఎదుటివాడి ముఖం కలిసి ఆ ఖాళీ నింపుతాయి.

ఖాళీ నిండేది మాటతోనా, నేరుగా అర్థంతోనా? ఈ ప్రశ్న మన శాస్త్రకారులు ఎప్పుడో వేసుకున్నారు. చెప్పని దాన్ని తెచ్చుకోవడానికి వాళ్ళు పెట్టిన పేరు అధ్యాహారం. వాళ్ళ ఉదాహరణ కూడా ఇంటి గుమ్మం దగ్గరిదే. ఒకాయన "ద్వారం" అంటాడు, విన్నవాడు తలుపు మూస్తాడు. ‘మూయి’ అన్న పదం మనసులోకి వచ్చి వాక్యం పూర్తయితేనే అర్థం తెలుస్తుందని భాట్ట మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థం విచారించే మీమాంసలో కుమారిలభట్టు దారి వాళ్ళు, అంటారు. పదమెందుకు, మూయడం అన్న అర్థం స్ఫురిస్తే చాలదా అని అదే మీమాంసలో ప్రభాకరుడి దారి పట్టిన ప్రాభాకరులు. బస్సులో ‘రెండు’ విన్నప్పుడు నా బుర్రలో "కోట్ల రూపాయలు" అన్న అక్షరాలేవీ మెదల్లేదు, నేరుగా అంత డబ్బే మెదిలింది. అక్కడ నా ఓటు ప్రాభాకరులకే. కానీ కాఫీ హోటల్లో "నాకు కాఫీ" అన్నప్పుడు సంగతి వేరు. కోరుకుంటున్నాను అన్నా, కావాలి అన్నా అర్థం ఇంచుమించు ఒకటే. అర్థమే చాలుననుకుంటే "నేను కాఫీ" అని కూడా అనగలగాలిగా? అనలేం. ‘కావాలి’ అన్న పదానికే ‘నాకు’ జత, ‘కోరుకుంటున్నాను’కి ‘నేను’ జత. కనబడని పదం కనబడే పదం విభక్తిని శాసిస్తోందంటే, ఆ పదం ఎక్కడో ఉన్నట్టే. న్యాయశాస్త్రం, అంటే తర్కం, చదివిన నైయాయికులు దాదాపు ఈ వాదమే చేశారు, వాళ్ళది "పువ్వులకి" అన్న చతుర్థీ విభక్తి ఉదాహరణ. కోరుకుంటున్నాడు అన్న సంస్కృత క్రియ వెనక ఉంటేనే అక్కడ ఆ విభక్తి కుదురుతుందని. ఇన్నేళ్ళ తరవాత చూస్తే రెండు పక్షాలూ చెరోచోట గెలిచాయనిపిస్తుంది.

వాక్యార్థం కుదరాలంటే ఉండాలని మన శాస్త్రకారులు చెప్పిన మూడిట్లో యోగ్యత ఒకటి, అంటే పొంతన. ఇందాక గుంటూరు తన కాళ్ళతో వెళ్ళదన్నామే, అదే.

ఎక్కువమంది ఒకే పని మీద రోజూ కలిసే చోట మాటలు ఇంకా బక్కచిక్కుతాయి. గుంటూరు మిర్చి యార్డుకి సీజన్లో వెళ్ళండి. "తేజ?" "పదహారు." "తాలు?" "ఎనిమిది." తేజ ఒక మిర్చి రకం, తాలు అంటే రంగు పోయిన నాసి కాయ. క్వింటాకి వేలల్లో అన్నది అక్కడి గాల్లోనే ఉంటుంది. "ఎన్ని?" "నలభై" అంటే నలభై టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు. లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎల్‌సీఏ 334 రకం యార్డులో ఒట్టి 334. బయటివాడికి ఇదంతా రహస్య భాషలా వినిపిస్తుంది గానీ దాపరికం ఏమీ లేదు, తెలిసినవాళ్ళ మధ్య తెలిసింది చెప్పుకోకపోవడమే. అరండల్‌పేట, బ్రాడీపేటల్లో చిరునామాలూ అంతే. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని బోర్డులు రాసుకుంటాయి. మనుషులు "నాలుగు బై ఏడు" అంటారు. నిలువు వీధులూ అడ్డవీధులూ గళ్ళలా ఉన్న పేటల్లో రెండు అంకెలు చెబితే ఇల్లు దొరుకుతుంది. అదే చిరునామా బెజవాడ సత్యనారాయణపురంలో చెబితే భిన్నం అనుకుంటారు.

అయితే ఎంత పొదుపరులం అనుకున్నా, మనం తీసేసేది వినేవాడికి తెలుసని మనం అనుకునేదాన్ని. వాడికి నిజంగా తెలిసినదాన్ని కాదు. ఈ తేడా నాకు నలభై నిమిషాలు ఖర్చయింది. హైదరాబాదు నుంచి వచ్చి మా బాబాయి కొడుక్కి మెసేజ్ పెట్టాను: "దిగా. ఒకటో నంబర్ దగ్గరున్నా." ఎప్పుడూ రైల్లో వచ్చేవాణ్ణి, ఆ రోజు టికెట్లు దొరక్క బస్సులో వచ్చాను. వాడు రైల్వే స్టేషన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. నేను బస్టాండు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర. ఇద్దరం ఫోన్లో "ఇక్కడే ఉన్నా" అంటే "నేనూ ఇక్కడే" అని అరుచుకున్నాం. ‘బస్సు’ అన్న ఒక్క మాట వేసుంటే సరిపోయేది. మిగతా రోజుల్లో ఆ మాటకి విలువ లేదు, ఆ రోజు మెసేజ్ మొత్తానికి విలువున్న మాట అదొక్కటే, సరిగ్గా దాన్నే మింగాను.

భాషా పరిశోధకుడు రోజర్ లెవీ, ఇందాకటి జేగర్ కలిసి 2007లో ప్రచురించిన పత్రంలో చెప్పిన ఊహ ఇక్కడ పనికొస్తుంది. మాట్లాడేవాడు సమాచారాన్ని వీలైనంత సమంగా వదులుతాడంటారు వాళ్ళు. మన లాకుల దగ్గర నీళ్ళు వదిలినట్టు అనుకోండి. ఒక్కసారిగా వదిలితే గట్లు తెగుతాయి, సన్నగా వదిలితే చివరి పొలానికి చేరవు. ఊహించని కబురు రాబోతుంటే ముందు ఒక మాట అదనంగా వేసి మెల్లగా దింపుతాం: "ఏం లేదు, కంగారు పడకు, నిన్న మన సుబ్బారావు…" అందరికీ తెలిసిన కబురైతే ఈ ముందుమాటలన్నీ ఎగిరిపోతాయి. అందుకే పాతరోజుల్లో టెలిగ్రాం అంటే ఇళ్ళు వణికేవి. మాటకింత అని రేటు కనుక సందేశంలో మెత్తటి మాటలన్నీ పోయి గట్టి మాటలే మిగిలేవి. 2013 జులైలో ఆ సేవ ఆగిపోయింది గానీ, "వెంటనే బయల్దేరు" అన్న మాటకి ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

ఒక్క మాటా పోకూడదనుకునే చోటూ ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు చదవండి. సదరు ఆస్తి, సదరు హద్దులు, తూర్పున ఎవరిది, దక్షిణాన ఎవరిది. రూ. 2,00,00,000 అని అంకెల్లో వేసి, పక్కనే అక్షరాలా రెండు కోట్ల రూపాయలు అని మళ్ళీ. బస్సులో ‘రెండు’ అన్న ఒక్క మాటతో తేలిన బేరం కాగితం మీదికొచ్చేసరికి పేజీలు పేజీలు. కారణం తేలికే. బస్సులో వినేవాడు పక్క సీట్లో ఉన్నాడు. దస్తావేజు చదవబోయేవాడు ముప్పై ఏళ్ళ తరవాత కోర్టులో కూర్చునే, మనమెవరో తెలియని మనిషి. అతనితో మనకి పంచుకున్నది ఏమీ లేదు, అందుకే అన్నీ చెప్పాలి.

ఊహించగలగడం వల్ల కాక, పలకకూడదని పోయే మాటలు వేరే జాతి. "ఆయన పోయారు" అంటే చావు మాట నోటికి రాకూడదని. మొగుడి పేరు పలకని తరంలో "మావారు", "మీ నాన్న" వచ్చింది ఆ బాపతే. వాటినీ వీటినీ ఒకే గాటన కట్టడం నాకిష్టం లేదు.

మా పిన్ని సత్యనారాయణపురంలో ఉంటుంది. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి మానేసి ఊరెళ్ళిపోయాక కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. మొదటి వారం నేను అక్కడే ఉన్నాను. "అమ్మాయ్, ఆ ఇది తీసుకొచ్చి ఇందులో పెట్టు" అంది పిన్ని. "ఏదండీ?" "అదే, నిన్నటిది." "నిన్న ఏదండీ?" పిన్ని నుదురు కొట్టుకుని, జీవితంలో మొదటిసారేమో, వంటింట్లో గూట్లో రెండో అరలో ఎర్ర మూత ఉన్న స్టీలు డబ్బాలోని మినప్పప్పు ఈ గిన్నెలో పొయ్యమని విడమరిచి చెప్పింది. చెప్పేసరికి ఆయాసం వచ్చింది. ఆ పాత మనిషి ఉన్నన్నాళ్ళూ ఇదంతా ‘ఇది’లో ఇమిడిపోయి ఉండేదన్నమాట.

మూడు నెలల తరవాత మళ్ళీ వెళ్ళాను. పిన్ని పేపరు చేతిలోకి తీసుకుని "అమ్మాయ్…" అంది. ఆ పిల్ల వంటింట్లోంచి వస్తూ, టీవీ మీదున్న కళ్ళజోడు తీసి చేతికిచ్చి వెళ్ళిపోయింది.